మూత రకం

డాబా గార్డెన్స్‌లో మూడో అంతస్తు కొట్టు.
కుర్రాడు అట్టపెట్టె విప్పి చెప్పాడు:
"ఇది మూత రకం గురూ.
లోపలిది బయటికి పోదు, బయటిది లోపలికి రాదు.
ఏడు రోజుల్లో అయితే మార్చిస్తాం."
ఓవర్‌టైము డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.
ఒక నోటుకి రెడ్ ఆక్సైడు అంటి ఉంది.
వేలితో గీకి చూసి తీసుకున్నాడు.

మల్కాపురం. మేడ మీద, రాత్రి పది.
రిఫైనరీ మంట ఎప్పట్లాగే ఆకాశానికి కాపలా.
నూకరత్నం కింద గిన్నెలు తోముతోంది.
తలకి తొడిగాను.

ముందు వినపడింది పాట కాదు.
ముందు ఊరు ఆగిపోయింది.
విమానం ఒకటి దిగుతోంది రెక్కల కింద దీపాలతో,
తెగిన గాలిపటంలా, చప్పుడు లేకుండా.
వీధి కుక్క నోరు తెరుస్తోంది, మూస్తోంది.
మంట ఊగుతోంది, దాని ఉరుము ఎవరో కోసుకుపోయారు.
ఇరవై రెండేళ్లుగా ఈ గోల మీదే పడుకున్నవాణ్ణి,
మంచం కింద నేల లాగేసినట్టయింది.
తర్వాత నా గుటక వినపడింది.
దవడ కీలు.
మెడలో ఎక్కడో నెత్తురు దారి వెతుక్కోవడం.
శంఖం పోలిక చెప్పబోయి మానుకున్నాను,
సముద్రానికి ఇంత భయం వేయదు.

అప్పుడు నొక్కాను.
మొన్న నూకాలమ్మ పండక్కి ఫోన్లో పట్టిన తప్పెటగుళ్లు.
ఇన్నాళ్లూ ఫోను నోట్లోంచి అది
రేకు డబ్బాలో గులకరాళ్లు.
ఇప్పుడు తోలుకి బరువుంది.
రొమ్ము మీద తప్పెట, తప్పెట కింద రొమ్ము,
రెండూ వేరువేరుగా మోగుతున్నాయి.
గజ్జెల్లో ఎవరిదో ఒక మువ్వ పగిలింది.
పాటగాడు పల్లవి ఎత్తేముందు ముక్కు ఎగబీల్చాడు.
వెనకాల ఒక చంటిది "అయ్యా, బూర" అంటోంది.
కొనలేదు. ఆఖరి దాకా అంటూనే ఉంది.
గెంతే కాళ్ల కింద దుమ్ముకి కూడా చప్పుడుంటుందని
యాభయ్యో ఏట తెలిసింది.

కొంచెం ఇరుకు, నిజమే.
ఆరుబయట గెంతినవాళ్లంతా
నా నుదుటి వెనక చిన్న గదిలో సర్దుకుంటున్నారు.
చెవులు ఉడికిపోతున్నాయి.
పర్లేదులే అనుకుంటుంటే
ఎడమ పక్క అనుమానం.

అప్పలసూరి అటువైపే ఉండాలి.
నిలబడి పట్టింది నేనే, నాకు తెలుసు,
ఎడమ చివర, ఆకుపచ్చ తలగుడ్డ.
వాడు మోగడం లేదు.
గోడ అవతల ఎవరో పిండి జల్లిస్తున్నట్టు ఏదో.
మోసపోయావురా అనుకున్నాను.
రసీదు కోసం జేబులు తడుముకున్నాను.
ఎడమ గిన్నె తట్టాను, వైరు నలిపాను,
చివరికి తిరగేసి తొడుక్కున్నాను,
కుడిది ఎడమకి, ఎడమది కుడికి.

ధణ్‌మని అప్పలసూరి కుడి చెవిలోకి దూకాడు.
ఎడమలో ఇప్పుడు మిగతావాళ్లు
గోడ అవతల పిండి జల్లిస్తున్నారు.

వస్తువులో లోపం లేదు.

పాట అయిపోయినా తీయలేదు.
షిప్‌యార్డులో, ఓడ అడుగు ట్యాంకులో,
మోకాళ్ల మీద తుప్పు కొడుతూ పదకొండేళ్లు.
నా ఎడమ పక్కన ఎప్పుడూ వాడే.
వాడి సుత్తికీ నా చెవికీ మధ్య మూరెడు ఇనుము.
చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిరడాలు
బీడీల డబ్బాలో దాచేవాళ్లం, పోతాయని.
ఆ చెయ్యే పండక్కి తప్పెట మీద పడుతుంది,
పేటంతా ఈలలు వేస్తుంది.
నేనూ వేశాను, రికార్డులో ఉంది.

భుజం మీద తడిచెయ్యి.
నూకరత్నం పెదాలు కదులుతున్నాయి. తీశాను.
"ఎన్నిసార్లు పిలవాలేటి?
ఆ డిప్పలు లేనప్పుడూ ఇంతే గదా నువ్వు."
"ఏ పక్క నుంచి పిలుస్తావు?"
విచిత్రంగా చూసింది.
"నా పక్క నుంచే. ఎప్పుడూ ఏ పక్క పడుకుంటానో ఆ పక్క."

రసీదు మడిచి బీడీల డబ్బాలో పెట్టాను.
ఆమెని కుడివైపు కూర్చోమన్నాను,
ఎందుకని అడగలేదు, చీరకి చేతులు తుడుచుకుని కూర్చుంది.
ఆమె లేచి వెళ్లాక మళ్లీ మొదటి నుంచి పెట్టాను, తిరగేసే.
సూరి కుడివైపు నిలబడి దంచుతున్నాడు.
బాగుంది. చాలా బాగుంది.
రేపు ట్యాంకులో మాత్రం
వాణ్ణి ఆ పక్కకి రానివ్వను.